దుకాణంలో బావ లేడు

ఊళ్లు పట్టి తిరిగేవాడికి ఒక ప్రశ్న తప్పదు: "మొదట్లో మీరేం పని చేసేవారు?" రైల్లో పక్క సీటాయన అడుగుతాడు, అద్దెగది చూపించే ఇల్లాలు అడుగుతుంది. నేను ఎప్పుడూ ఒకటే చెబుతాను: మనుషుల్ని నిద్రపుచ్చేవాణ్ణి. వైద్యుడేమో అని ఒకరు, పాటగాడేమో అని ఇంకొకరు అనుకుంటారు. "ఎన్నికల్లో నిలబడేవారా?" అని ఒకాయన ఎంతో మర్యాదగా అడిగాడు. అవేవీ కాదు. పరుపుల దుకాణంలో అమ్మకాలు చూసేవాణ్ణి. ఆ పని ఎలా వచ్చిందో, ఎలా పోయిందో చెప్పాలంటే మా బావ గురించి చెప్పాలి. నా గురించి చెప్పుకోవడానికి అసలే పెద్దగా ఏమీ లేదు.

కాలేజీలో నేను చరిత్ర చదివాను. సామ్రాజ్యాలు ఎందుకు కూలిపోయాయో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. చొక్కా గుండీ ఊడితే మాత్రం అక్క దగ్గరికి పరుగెత్తేవాణ్ణి. పట్టా చేతికొచ్చాక, ఉద్యోగమే నన్ను వెతుక్కుంటూ వస్తుందన్న ధీమాతో అక్క ఇంట్లో దిగాను. అది రాలేదు. పాపం దానికి దారి తెలియదేమోనని నేనే బయల్దేరాను.

ఒక ఆఫీసులో పెద్దమనిషి నా కాగితాలు తిరగేసి, "నువ్వేం చేయగలవు?" అన్నాడు.

"బాగా చదవగలనండీ."

"కూర్చుని చదివే ఉద్యోగమే ఉంటే మేమే చేసుకునేవాళ్లం కదా నాయనా!"

ఇంకోచోట అనుభవం కావాలన్నారు. పని చేస్తే గాని అనుభవం రాదు, అనుభవం ఉంటే గాని పని ఇవ్వరు. పెళ్లయితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు అన్న సామెత ఎవరో ఉద్యోగం వెతుక్కునేవాడే పుట్టించి ఉంటాడు. తిన్నగా చెప్పుకోలేక పెళ్లి మీదికి తోసేశాడు.

అక్కది రెండు గదుల ఇల్లు. ముందుగదిలో నేల మీద నా పక్క. నేను కాస్త పొడుగు, గది కాస్త పొట్టి. తలుపు తీసి పడుకుంటే కాళ్లు గుమ్మం దాటి వరండాలో ఉండేవి. పాలు పోసే ఆవిడ నా పాదాలు దాటుకుంటూ, "లేవండి బాబూ, తెల్లారింది" అని రోజూ నాకో శుభవార్త చెప్పేది. బావ పళ్లు తోముకుంటూ, "ఒరేయ్, నువ్వు ఇంట్లో సగమే ఉంటున్నావు. మీ అక్కకి చెప్పి సగం భోజనమే పెట్టిస్తా" అనేవాడు.

బావ పొట్టివాడు. గొంతు మాత్రం ఆరడుగులు. ఊళ్లో పెద్ద పరుపుల దుకాణంలో అమ్మకాల్లో ఆయనే సీనియరు. అరచేయి పరుపు మీద ఆనించి, కళ్లు మూసుకుని, నాడి చూస్తున్నట్టు చూసేవాడు. కొనడానికి వచ్చినవాళ్లతో, "ఇది గట్టిదండీ. నడుం నొప్పి ఉంటే కొనుక్కోండి. లేకపోతే మాత్రం వద్దు, కొత్తగా వస్తుంది" అనేవాడు. పరుపు విషయంలో ఆయన నోట అబద్ధం రాదని ఊరంతా నమ్మకం. దుకాణం యజమానురాలికి మోకాళ్లు పట్టేసి, రోజంతా కూర్చోలేక, తన కుర్చీ ఎవరికైనా అప్పగిద్దామని చూస్తోంది. అది బావకే దక్కుతుందని అందరూ అనుకుంటున్నారు. బావ పైకి, "కుర్చీదేముందిలే" అనేవాడు. అక్క మాత్రం నా చెవిలో, "అద్దం ముందు కుర్చీ వేసుకుని కూర్చుని చూసుకుంటున్నార్రా మీ బావ. ఒకసారి గంభీరంగా, ఒకసారి నవ్వుతూ" అని చెప్పింది.

అలాంటి మనిషి నన్ను తీసుకెళ్లి ఆ దుకాణంలో పెట్టించడానికి ఒక అడ్డంకి ఉంది. అక్కడ చుట్టాల్ని చేర్చుకోరు. ఒకప్పుడు ఆ యజమానురాలి మరిది తన వాళ్లందర్నీ పనిలో పెట్టాడట. మధ్యాహ్నం కొనడానికి వచ్చినవాళ్లకి ప్రతి పరుపు మీదా ఒక చుట్టం గుర్రుపెడుతూ కనిపించాడట. "చుట్టాలు కూర్చుంటామని వస్తారు, పడుకుంటారు, లేవరు" అని ఆవిడ అప్పుడే నియమం పెట్టేసింది.

"నియమం నియమమే. నేను అబద్ధం ఆడలేను" అన్నాడు బావ.

అక్క మాట్లాడడం మానేసింది. బావ దాన్ని విశ్రాంతి అనుకున్నాడు. తర్వాత అక్క కూరలో ఉప్పు వేయడం కూడా మానేసింది. అప్పుడు బావ నన్ను పెరట్లోకి పిలిచి, "దుకాణంలో నేను నీకు బావని కాను. నువ్వెవరో నాకు తెలియదు. సార్ అనాలి. తెలిసిందా?" అన్నాడు.

"తెలిసింది బావా."

"ఇదిగో, ఇదే వద్దంటున్నది!"

యజమానురాలు గాజుబల్ల వెనక మోకాలి మీద వేడినీళ్ల సంచి పెట్టుకుని కూర్చుంది. పక్కనే బావ, న్యాయమూర్తి ముఖం పెట్టుకుని.

"నిన్ను ఎవరు పంపారు?" అన్నాడు బావ.

"ఎవరూ పంపలేదు సార్. బయట బోర్డు చూసి వచ్చాను."

"ఇంట్లో ఎవరెవరుంటారు?" అంది ఆవిడ.

ఇక్కడ నోరు అదుపులో పెట్టుకోవాల్సింది. పాతికేళ్లు రాని వయసు. ఎదురుగా బావ, ఏమన్నా తిరిగి ఏమీ అనలేని స్థితిలో. బావమరిదిగా పుట్టినవాడికి అలాంటి అవకాశం జన్మకోసారి వస్తుంది.

"అక్క ఉందండీ. బంగారం. బావ కూడా ఉన్నాడు గానీ, పెద్దగా చెప్పుకోదగ్గ మనిషి కాదండీ."

బావ దగ్గాడు. "బావంటే గౌరవం ఉండాలి బాబూ" అన్నాడు పళ్లు బిగించి.

"ఆయన్ని చూస్తే మీరు ఈ మాట అనరు సార్."

ఆవిడ నా వంక, బావ వంక, మళ్లీ నా వంక చూసింది. వేడినీళ్ల సంచి రెండో మోకాలి మీదికి మార్చుకుని, "రేపట్నుంచి రా" అంది.

నేను తర్వాత చాలా దూరాలు నడిచాను. కానీ ఇంటినుంచి ఆ దుకాణందాకా బావ వెనక, ఎవరో పరాయివాడిలా నడిచిన దారి అంత పొడుగైన దారి ఇంకెక్కడా తగల్లేదు. వీధి చివరిదాకా ఇద్దరం కొట్లాడుకుంటూ వచ్చి, మలుపు తిరగ్గానే ఆయన ముందుకు, నేను వెనక్కి. వాన పడితే గొడుగు ఆయనకే. పరాయివాడికి గొడుగెవరు పడతారు మరి!

భోజనం దగ్గర ఇంకో చిక్కు. అక్క ఏ కూర వండినా అడుగు మాడ్చడం ఆవిడ సంతకం. రెండు క్యారియర్లలో ఒకే కూర, ఒకే మాడు వాసన. అక్క తెలివిగా, ఆయనకి కూర పై గిన్నెలో, నాకు కింద గిన్నెలో సర్దేది. లోకంలో పెద్ద పెద్ద గూఢచారులు ఇంతకంటే పొడిచిందేమీ లేదని నా అనుమానం. ఆయన గోదాము గుమ్మంలో, నేను మెట్ల కింద కూర్చుని తినేవాళ్లం.

ఇక నా పనితనం. ప్లాస్టిక్ కవర్లు కరకరలాడే పరుపుల మధ్య నిలబడి, వచ్చినవాళ్లకి నాకు తెలిసినదంతా చెప్పేవాణ్ణి. నాకు తెలిసింది సామ్రాజ్యాల గురించి. దంపతులు ఒకరినొకరు చూసుకుని, "మళ్లీ వస్తాం" అని వెళ్లిపోయేవారు. ఇంటికొచ్చాక బావ, "ఒరేయ్, వాళ్లడిగింది దూది ఉందా, స్పాంజి ఉందా అని. నువ్వు యుద్ధంలో ఏనుగులెన్నో చెప్పావు" అని తల పట్టుకునేవాడు.

అలా ఉండగా ఒక బస్సు డ్రైవరు వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "కాస్త వాలి చూడొచ్చా?" అని పరుపు మీద పడుకున్నాడు. నేను మొదలుపెట్టాను. మొదటి సామ్రాజ్యం ఇంకా సగం కూడా కూలకముందే ఆయన గుర్రు అందుకున్నాడు. లేపబోతే యజమానురాలు వేలితో వద్దని సైగ చేసింది. చాలాసేపటికి లేచి, చొంగ తుడుచుకుని, "ఇంత నిద్ర పట్టి ఎన్నాళ్లయిందో! ఇదే కట్టించేయండి" అన్నాడు.

నా మొదటి అమ్మకం అది. ఇంట్లో అక్క పొంగిపోతుంటే బావ, "పరుపు గొప్పతనం కాదే అది. వీడి ఉపన్యాసం. ఇంటికెళ్లాక ఆయనకి నిద్ర పట్టకపోతే వీణ్ణి కూడా పంపించమంటాడు" అన్నాడు. కానీ మర్నాడు చూస్తే, నిద్ర కరువైన ముఖాలవాళ్లని ఆయనే నా వైపు తోలుతున్నాడు. "అటు వెళ్లండి, ఆ కుర్రాడు చెబుతాడు." చదివిన చదువు ఎక్కడికీ పోదని మా మాస్టారు అనేవారు. నిజమే. నాది మనుషుల్ని పడుకోబెట్టడానికి పనికొచ్చింది.

అంతా బాగానే నడుస్తున్న రోజుల్లో, పై అటక మీంచి ఒక పెద్ద పరుపు దించడానికి బావ నిచ్చెన ఎక్కాడు. దుకాణం నిండా జనం. కుర్చీ సంగతి ఆ వారమే తేల్చేస్తానని యజమానురాలు అందరికీ చెప్పి ఉంది. బావ లాగినదాంతో పాటు అటక మీది దొంతరంతా ముందుకు ఒరిగింది. నేను కింద ఉన్నాను.

"బావా! జరుగు! బావా!"

దుకాణం మొత్తం ప్రతిధ్వనించింది. తర్వాత పరుపులన్నీ దభదభా పడ్డాయి. నిచ్చెన ఒకవైపు, చెప్పులు ఒకవైపు. బావ కనపడలేదు. పరుపుల దుకాణంలో కింద పడడమంత అదృష్టం ఇంకోటి లేదనుకోండి, కానీ నా ప్రాణం నా దగ్గర లేదు. అంతలో గుట్ట అడుగునుంచి ఆరడుగుల గొంతు, కాస్త దూది నిండిన గొంతు, వినిపించింది:

"సార్ అనరా వెధవా!"

దుకాణమంతా నవ్వింది. ఆ నవ్వినవాళ్లలో నేను లేను, బావ లేడు.

"ఆ బావగార్ని బయటికి లాగండి" అంది యజమానురాలు.

గాజుబల్ల ముందు ఇద్దరం నిలబడ్డాం. బావ జుట్టులో దూది.

"మీకు ఇప్పుడే తెలిసిందా అండీ?" అన్నాను, ఏదో ఒకటి అనాలని.

"మొదటిరోజే తెలుసు. బావని వెనకాల ఎవడూ అంత సంబరంగా తిట్టడు. ఎదురుగా ఉంటేనే ఆ రుచి. పైగా రెండు మూలల్లోంచి ఒకటే మాడు వాసన." ఆవిడ బావ వైపు తిరిగింది. "మీరే వచ్చి చెబుతారని చూశాను. చెప్పలేదు."

బావ తల దించుకున్నాడు. ఆ తల దించుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

"తప్పేనండీ."

"సరే. కుర్చీలో కూర్చున్నవాడి బావమరిది కింద పనిచేస్తుంటే మిగతావాళ్లకి పని చేయబుద్ధి కాదు. కుర్చీ కావాలంటే ఇతన్ని పంపించేయండి. ఇతను ఉండాలంటే కుర్చీ మాట మర్చిపోండి. మీరే తేల్చుకోండి."

తేల్చుకోవడానికి బావకి తల ఎత్తేంత సేపు పట్టింది. "ఇన్నాళ్లూ నిలబడే అమ్మానుగా అండీ. ఇంకా నిలబడగలను. వాణ్ణి ఉండనివ్వండి. ఇప్పుడిప్పుడే పని వస్తోంది వాడికి."

ఆ సాయంత్రం మొదటిసారి ఇద్దరం పక్కపక్కన నడిచి ఇంటికి వచ్చాం.

"బావా, నా నోటివల్ల..."

"నీ నోటివల్ల కాదురా. మీ అక్క కూరవల్ల. విన్లేదూ?"

"కుర్చీ..."

"కుర్చీదేముందిలే" అన్నాడు. ఎప్పుడూ అనే మాటే. కానీ ఇంటికెళ్లాక అద్దం ముందున్న కుర్చీని తనే తీసి వంటింట్లో వేశాడు. అక్క దానిమీద కూరగాయల బుట్ట పెట్టుకుంది. ఆ బుట్టను చూస్తూ నేను అన్నం తినలేకపోయాను. మాడు వల్ల మాత్రం కాదు.

దుకాణంలో కుర్చీ ఖాళీగానే ఉంది. యజమానురాలు మోకాళ్లు పట్టుకుని వస్తూనే ఉంది. దాన్ని ఇంకెవరికీ ఇవ్వడం లేదని అందరికీ కనబడుతోంది. నాకైతే మరీ కనబడుతోంది.

ఈసారి ఉద్యోగం వెతకడం నాకు కష్టం కాలేదు. ఏం చేయగలనో ఇప్పుడు తెలుసు. మా దుకాణానికి పరుపులు పంపే కంపెనీ తరఫున ఊళ్లు తిరిగే పెద్దాయన వచ్చినప్పుడు, కాఫీ ఇచ్చి, పడుకోబెట్టి, ఒక సామ్రాజ్యం కూల్చాను. నిద్ర లేచాక, "నాతో వచ్చేయ్. ఊరూరా తిరగాలి మరి, ఓపికుందా?" అన్నాడు.

ఇంట్లో చెబితే బావ అంతెత్తున లేచాడు. "నేను కుర్చీ వదిలేసింది నువ్వు కొట్టు వదిలేయడానికా, తింగరోడా? మళ్లీ ఆ గుమ్మంలో కాళ్లు చాపుతావా?"

"లేదు బావా. ఇకనుంచి ఊరూరా పడుకోవడమే. జీతమిచ్చి మరీ పడుకోబెడతారట."

"అన్నం ఎవరు పెడతారురా?" అంది అక్క.

"మాడనిది ఎవరైనా పెడతారే" అన్నాడు బావ. వెళ్లేరోజు గొడుగు నా చేతిలో పెట్టాడు.

అలా బయల్దేరినవాణ్ణి ఇంకా ఆగలేదు. కంపెనీలు మారాయి, సరుకులు మారాయి, మోకాళ్లు ఇప్పుడు నాకూ పట్టేస్తున్నాయి. అవన్నీ వేరే కథలు. మొదటి ప్రయాణం నుంచి తిరిగొచ్చి, సంచీ ఇంట్లో కూడా దించకుండా నేరుగా దుకాణానికి వెళ్లాను. గుమ్మంలో నిలబడి, గొంతు చించుకుని, "బావా!" అన్నాను. ఎన్నాళ్లనుంచో ఆ గుమ్మంలో అనాలనుకున్న మాట.

గాజుబల్ల వెనక కుర్చీ ఖాళీగా ఉంది. బావకి ఇంకా ఇవ్వనేలేదా అనుకున్నాను. చూస్తే దాని వీపుకి బావ తువ్వాలు వేలాడుతోంది. ఆయన దూరంగా ఒక పరుపు పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. పరుపు మీద ఒక లావుపాటాయన, కళ్లు సగం మూసి.

"ఇంతింత సామ్రాజ్యాలు ఎందుకు కూలిపోయాయంటారు?" అంటున్నాడు బావ, అచ్చం నా గొంతుతో, కాస్త ముక్కుతో. "చక్రవర్తులకి నడుం నొప్పులండీ. రాత్రి నిద్ర ఉండదు, పగలు యుద్ధంలో కునుకు. అంతే, కూలిపోయాయి!"

లావుపాటాయన గుర్రు అందుకున్నాడు.

నేను దగ్గరికి వెళ్లి మెల్లగా, "పచ్చి అబద్ధం బావా అది" అన్నాను.

"ష్, లేపకు" అన్నాడు బావ. "పరుపు గురించి ఏమన్నా చెప్పానా? చరిత్ర గురించేగా!"