మిరప కోల్డ్ స్టోరేజీలో నా కంప్యూటర్

మనిషి తన కొంప తనే కూల్చుకోవాలంటే పెద్ద చదువులేం అక్కర్లేదు. ఎనిమిదో తరగతి చాలు. నేనే రుజువు.

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే చొక్కా జేబుల్లోకి దిగుతున్న రోజులు. పర్చూరులో రేడియోలు బాగుచేసుకునే నాకు పాత కంప్యూటర్లు పోగేసే పిచ్చి పట్టింది. ఎనభైల్లో వచ్చిన రకం. మీటల పలకలోనే, అంటే కీబోర్డులోనే, మెదడంతా ఉంటుంది. టీవీకి తగిలించాలి, ప్రోగ్రాము క్యాసెట్లోంచి ఎక్కించాలి. అలాంటివి ఏడు చేరాయి. ఇంట్లో బియ్యం డబ్బాకి చోటు లేకుండా పోయింది.

మా ఆవిడ సుబ్బులు తీర్పు చెప్పేసింది. "ఆదివారానికి ఒక్కటన్నా వెలగాల. నేను కళ్లారా చూడాల. లేకపోతే ఏడూ పాతసామాన్లోడికే!"

ఆరు ఎప్పుడో కన్నుమూశాయి. ఏడోదానికి ప్రాణముంది గానీ, మే నెల ఎండకి వేడెక్కి చప్పున ఆగిపోయేది. కంప్యూటరంటే ఏసీ గది, గుమ్మం బయట చెప్పులు అనుకునే కాలం. నాకు ఏసీ ఎక్కడిది? గుంటూరు మిరప కోల్డ్ స్టోరేజీలో పనిచేసే బావమరిది కోటి మాత్రం ఉన్నాడు.

"ఒరేయ్ కోటీ, నాలుగు రోజులు దీన్ని చలవలో ఉంచరా."

"మిరపకాయల మధ్యనా బావా?"

"ఏడాదైనా కాయ రంగే మారట్లేదు, దీనికేమవుద్దిరా?"

కోటి దాన్ని ఖాళీ మిరప గోతంలో చుట్టి బస్తాల మధ్య పడుకోబెట్టాడు. ఆదివారం పొద్దున కొత్త పెళ్లికూతుర్ని దింపినట్టు తెచ్చి దింపాడు. గోతం విప్పితే దాని ఒళ్లంతా నీటి బొట్లు. బాగా చల్లబడిందని మురిసిపోయి, పైపైన తుడిచి, టీవీకి తగిలించాను. మళ్లీ వేడెక్కకుండా వెనక టేబుల్ ఫ్యాను పెట్టి ఫుల్లుగా తిప్పాను.

మీటల సందుల్లో పేరుకున్న కారమంతా గదిలోకి లేచింది.

"అమ్మో! ఏందయ్యా ఇది!" సుబ్బులు మొహానికి కొంగు అడ్డం పెట్టుకుంది. కోటి తుమ్ముతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు. నేను మాత్రం కన్నీళ్లలోంచి చూశాను. టీవీలో కర్సరు తెల్లటి గడిలా మిణుకుమిణుకుమంటోంది!

"వెలిగిందే! ఒక్కసారి కళ్లు తెరువు!"

"తెరిస్తే పోతాయయ్యా!" అంటూ ఆమె బోరింగు దగ్గరికి పరుగెత్తింది.

మొహం కడుక్కొచ్చేసరికి లోపల చేరిన నీరు తన పని కానిచ్చేసింది. 'టప్'మని చప్పుడు, కాస్త పొగ, నల్లటి తెర.

"కోటీ, నువ్వు చూశావుగా, చెప్పరా!"

"చూశా బావా. ఎర్రగా వెలిగింది."

"తెల్లగారా సన్నాసీ!"

"నాకు అక్కాయి కూడా ఎర్రగానే కనపడతంది బావా."

సుబ్బులు కోర్టులో సాక్ష్యం కొట్టేశారు. సాయంత్రం పాతసామాన్లవాడు ఏడింటినీ మూటగట్టి, బదులుగా ఉల్లిపాయలు పోసి వెళ్లాడు. సుబ్బులు వాటిని తరుగుతూ కళ్లు తుడుచుకుంది. "ఈ ఏడుపు నయమయ్యా. పులుసన్నా వచ్చుద్ది."

ఆ పులుసు గిన్నె మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను: ఇక ఈ జన్మలో ఏ యంత్రాన్నీ మిరపకాయలతో కాపురానికి పంపను. పంపినా, ఫ్యాను మాత్రం వెయ్యను.