అన్నం కానిది

నా వృత్తిలో మొదట అనుమానించవలసింది పరికరాన్ని. తెలుగు నేలకు దూరంగా, పడమటి తీరాన హజీరాలోని ఒక కర్మాగారంలో, నాణ్యత పరీక్షించే ప్రయోగశాలలో పనిచేస్తాను. ఫలితం వింతగా కనిపిస్తే పదార్థాన్ని నిందించే ముందు త్రాసును పరీక్షిస్తాము. అందుకే ఏటా జరిగే వైద్యపరీక్షలో నా బరువు నిరుటికంటే తొమ్మిది కిలోలు ఎక్కువని తేలినప్పుడు నేను భయపడలేదు. యంత్రం పాడై ఉంటుందనుకున్నాను.

అడాజన్‌లోని మా ఫ్లాటుకు వచ్చి, ఇంకా కుట్టు విప్పని పాతిక కిలోల బియ్యం బస్తాను ఇంట్లో ఉన్న తూకం మిషను మీద పెట్టాను. సరిగ్గా పాతిక చూపింది. బస్తా దించి నేను ఎక్కాను. వైద్యుడి యంత్రంలో తప్పేమీ లేదు.

భయం అక్కడ మొదలైంది. కొన్ని నెలలుగా, నమూనాలు తీయడానికి ఎక్కే ట్యాంకు మెట్ల మీద మూడో మలుపు దగ్గర నాకు ఊపిరి అందడం లేదు. సాయంత్రం మేజోళ్ళు విప్పితే చీలమండల చుట్టూ గాడి పడి, చాలాసేపు అలాగే ఉంటోంది. ఒంట్లో నీరు చేరితే ఇలా జరగవచ్చనీ, గుండె అలసినా మూత్రపిండాలు దెబ్బతిన్నా నీరు చేరుతుందనీ చదివాను. రక్తపరీక్షలు చేయించాను. అన్నీ మామూలుగానే ఉన్నాయి. నమ్మకం కుదరక మరోచోట చేయించాను. మళ్ళీ అదే ఫలితం. తిండి తగ్గించి నడవమనీ, పది వారాల తరువాత మళ్ళీ రమ్మనీ కర్మాగారం వైద్యుడు చెప్పాడు. నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగకుండా ఇచ్చిన ఆ సలహాకు ఆధారమేమిటో నాకు బోధపడలేదు. ఆధారం నేనే సేకరిస్తానని ఒక నోటుపుస్తకం తెరిచాను.

తేదీ, తిన్నది, నడిచింది, బరువు: ఇవీ గడులు. ఆరు వారాలు నిజాయితీగా రాశాను. నడక గడి దాదాపు ఖాళీ. కంపెనీ బస్సు మా సొసైటీ గేటు ముందే ఆగుతుంది. అయిదో అంతస్తుకు లిఫ్టు ఉంది. మిగిలిన రోజంతా కుర్చీ. కానీ పదేళ్ళుగా అంతే కదా, కొత్తగా పెరగడానికి అది కారణమెలా అవుతుందని వాదించుకున్నాను. మధ్యాహ్నం డబ్బాలో అన్నం తగ్గించాను. రాత్రి పూట అన్నం పూర్తిగా మానేశాను. బియ్యం గ్లాసుతో కొలవవద్దు, గ్రాముల్లో తూచమని నా భార్యకు చెప్పాను.

“పెళ్ళిచూపుల్లో కూడా మీరు ఇంత పరిశీలన చేయలేదండీ,” అంది. కానీ తూచింది.

ఆరు వారాల చివర నేను తినే అన్నం సగానికి తగ్గింది. బరువు మరో కిలోన్నర పెరిగింది.

ఆ రెండు అంకెలనూ పక్కపక్కన రాసి, రెండుసార్లు సరిచూశాను. తిండి తగ్గుతున్నా బరువు పెరుగుతోందంటే, లోపల మరేదో పెరుగుతోంది. రెండు చోట్ల చేసిన పరీక్షలకూ చిక్కనిది. పేరున్న జబ్బులను ఒక్కొక్కటిగా కొట్టివేస్తూ వచ్చిన నాకు చివరికి పేరు లేనిది మిగిలింది. భార్యకు చెప్పలేదు. బీమా కాగితాలు ఏ అలమరలో ఉన్నాయో మాత్రం ఒక ఉదయం ఏదో సందర్భం కల్పించి చెప్పాను. ఆమె నా కాళ్ళ వైపు చూసింది.

ఆ ఆదివారం ప్యాంట్లు వదులు చేయించడానికి సలాబత్‌పురా వెళ్ళాను. అక్కడ చీరల దుకాణాల వెనుక సందులో కరీంనగర్ వైపు నుంచి వచ్చిన ఒక దర్జీ ఉన్నాడు. నాకంటే పెద్దవాడు. ఇరవై ఏళ్ళు మరమగ్గాలు నడిపి, ఆ మోతకు చెవులు దెబ్బతిన్నాక కుట్టుమిషను పెట్టుకున్నాడు. ఆయన నా నడుము కొలిచి, ప్యాంటును లోపలివైపు తిప్పి చూపించాడు.

“మూడోసారి ఇప్పుతున్న సారు. ఇగ లోపల బట్ట లేదు.”

ఇంట్లో చెప్పలేనిది ఆయనకు చెప్పాను. వినికిడి తక్కువ కనుక గట్టిగా చెప్పవలసి వచ్చింది. రాత్రుళ్ళు తినడం లేదనీ, ఆ రోజు కూడా పొద్దుటి నుంచి ఏమీ తినలేదనీ, అయినా ఒళ్ళు పెరుగుతోందనీ, ఏదో పెద్ద రోగమే ఉండి ఉంటుందనీ. అదంతా చెబుతున్నంతసేపూ నా చేతిలో ఒక కాగితపు ప్లేటు ఉంది. అందులో సందు మొదట్లో కొన్న లోచో: ఆవిరి మీద ఉడికించిన శనగపిండి, పైన కరిగిన వెన్న, గుప్పెడు సేవ్, అంటే సన్న కారప్పూస.

ఆయన ప్లేటు వైపు చూశాడు.

“మరి గిదేంది సారు?”

“ఇది నాస్తా.”

“మా దిక్కు నాష్టా అంటే పొద్దుగాల ఒక్కపారే. మీకు దినంల ఎన్నిపార్లయితది?”

ప్లేటు పక్కన పెట్టి వేళ్ళ మీద లెక్క మొదలుపెట్టాను.

మా ఇంట్లో ‘తిన్నారా’ అంటే అన్నం తిన్నారా అని అర్థం. శనివారం రాత్రి తినకూడదన్నది మా నియమం. ఆ రాత్రి ఉప్మా చేసుకుంటాము. ఈ ఊరిలోనేమో ఏ వేళ నోట్లో పడినా అది నాస్తా. పదింటికి టీతో ఖారీ బిస్కట్లు, నాలుగింటికి సహోద్యోగులు విప్పే ఫర్సాణ్ అనే కారపు చిరుతిళ్ళ పొట్లం, తిరుగు బస్సులో చేతులు మారే వేరుశనగలు, ఇంటికి రాగానే నెయ్యి రాసిన కరకరలాడే పల్చని రొట్టె ఖాఖ్రా, రాత్రి అన్నం మానేసిన ఆకలికి మూడు దోసెలు. వీటిలో ఒక్కటి కూడా నా పుస్తకంలో లేదు. నేనేదీ దాచలేదు. ఆ గడి పేరు ‘తిన్నది’.

ఊరట కలగవలసింది. కలగలేదు. ఆరు వారాలు ప్రతిరోజూ సంతకం పెట్టిన నా పుస్తకమే తప్పయితే, ఊపిరి గురించీ కాళ్ళ గురించీ నేను చేసుకున్న తీర్మానాలలో ఏది ఒప్పు? మరునాటి నుంచి నోట్లోకి వెళ్ళిన ప్రతిదీ రాశాను, నాస్తాలు మానేశాను. బరువు దిగితే కారణం అదే. దిగకపోతే, ఆ పేరు లేనిదే. అంత భయంతో నేను ఏ ప్రయోగమూ చేయలేదు.

పది వారాలు నిండిన రోజున వైద్యుడి యంత్రం మొదటిసారికంటే మూడు కిలోలు తక్కువ చూపింది. దిగి, మళ్ళీ ఎక్కాను. అంతే చూపింది. వైద్యుడు నా కాలి ఎముక మీద బొటనవేలితో నొక్కి, పడిన గుంటను కాసేపు చూశాడు. మెట్ల దగ్గర ఆయాసం తగ్గిందా అని అడిగాడు. కొద్దిగా, అన్నాను. శుక్రవారం గుండెకు స్కానింగ్ చేయించమని రాశాడు. బరువు దిగడం ఒక కారణాన్ని రుజువు చేసింది. రెండోది లేదని రుజువు చేయలేదు.

రోజూ ఒంటిగంటకు చేసినట్లే ఆ రోజూ నా భార్య ఫోన్ చేసింది. వైద్యుడి మాట ఎత్తలేదు.

“తిన్నారా?” అంది.

“పొద్దున రెండు ఇడ్లీలు. పదింటికి టీ, ఒకటిన్నర ఖారీ.”

“ఆ సగమేమిటండీ?”

“సగం తిన్నాక గుర్తొచ్చింది.”

ఆమె నవ్వలేదు. శుక్రవారం సంగతి చెప్పాను.

“నేనూ వస్తాను,” అంది. “ఆ బీమా కాగితాలు మీరు చెప్పిన రోజే తీసి పెట్టాను.”