మందు డబ్బా మీది ఇంగ్లీషు

మా చిన్నప్పుడు... పత్తికి పురుగు పట్టే రోజుల్లో, నాన్న సాయంత్రం కొట్టు నుంచి పురుగుమందు డబ్బా తెచ్చి అరుగు మీద పెట్టి నన్ను పిలిచేవాడు. నేను బడిసంచిలోంచి డిక్షనరీ తీసుకుని పక్కన చేరేదాన్ని. అట్ట ఊడిపోతే అమ్మ పాత చీర అంచుతో కుట్టిపెట్టిన డిక్షనరీ అది...

మాది గురజాల దగ్గర పల్లె. అప్పుడు నేను ఎనిమిదో తరగతి. మందుతో పాటు తెలుగు కాగితం కూడా ఉంటుందని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. మాకైతే కొట్టాయన అట్టపెట్టె తీసేసి వట్టి డబ్బా ఇచ్చేవాడు. ఎంత కలపాలో నోటితో చెప్పేవాడు. ఆయన మాటే వేదం.

మా ఇంగ్లీషు మాస్టారు డిక్షనరీ చూడటం ప్రత్యేకంగా నేర్పారు. ప్రతి మాటకీ పేజీలు తిప్పొద్దు... ముందు వాక్యమంతా చదివి, ఎక్కడ ఆగిపోయారో ఆ మాటే వెతకండి అనేవారు. మొదటి అర్థం దొరకగానే పుస్తకం మూసేస్తే ఊరుకునేవారు కాదు.

డబ్బా మీద కూడా నేను అలాగే వెతికాను. 'ఎగైనెస్ట్' దగ్గర మొదట 'వ్యతిరేకంగా' అని ఉంది. గాలికి వ్యతిరేకమేమిటని తల గోక్కున్నాను. కింద ఉదాహరణ చదివాక అర్థమైంది... గాలికి ఎదురు నిలబడి కొట్టకూడదని!

నాన్న ముఖం వెలిగిపోయేది. దారిన పోయేవాళ్లను పిలిచి మరీ కూర్చోబెట్టేవాడు. నేను గుక్కతిప్పుకోకుండా ఇంగ్లీషు చదివి, తెలుగులో చెప్పేదాన్ని. గాలికి ఎదురుగా కొట్టకూడదు. వట్టి చేత్తో కలపకూడదు.

"ఎట్టా చదువుతుందో చూశావంట్రా," అనేవాడు పక్కింటి బాబాయితో.

తెల్లారి పొలంలో డ్రమ్ములో మందు పోసి, మోచేతి దాకా చెయ్యి పెట్టి కలిపేవాడు.

ఒక ఆదివారం ఆ చెయ్యి పట్టుకుని ఏడ్చాను. "నాన్నా, రోజూ నేను చదివేది నీకోసమే. చేత్తో కలపొద్దంట."

"ఇన్నేళ్ల నుంచి కొడతన్నా, నాకేమయిందమ్మా," అన్నాడు. అయినా నేను తెచ్చిచ్చిన కందికట్టెతోనే కలిపాడు, నన్ను ఊరుకోబెట్టడానికి. నాకు ఎంత సంతోషమో... ఇక గెలిచేశాననుకున్నాను, పిచ్చిదాన్ని.

ఆ వారంలోనే, పురుగు చావడం లేదని కొట్టాయన ఇంకో మందు ఇచ్చి, పాతదాంతో కలిపి కొట్టమన్నాడు. ఆ డబ్బా మా అరుగు మీదికి రాలేదు. నేరుగా పొలానికి పోయింది.

మధ్యాహ్నం బాబాయి బడికొచ్చి నన్ను తీసుకెళ్లాడు. నాన్నను అప్పటికే ఆటోలో నరసరావుపేట ఆసుపత్రికి చేర్చారు. వాంతులట, ఒళ్లంతా చెమటలట, కళ్లు కనపడటం లేదన్నాడట. ఏ మందు కొట్టాడని డాక్టరుగారు అడుగుతారని బాబాయి డబ్బాలు సంచిలో వేసుకున్నాడు. బస్సులో కొత్త డబ్బా తీసి చదివాను. వేరే మందుతో కలపవద్దని ఉంది. ఆ వాక్యంలో నాకు తెలియని మాట ఒక్కటీ లేదు.

నాన్న ఇంటికి తిరిగి రాలేదు.

ఇప్పుడు నేనూ బడిలో ఇంగ్లీషు చెబుతున్నాను. పిల్లలకు డిక్షనరీ తిప్పే పనే లేదు... ఫోను చూపిస్తే డబ్బా మీదిదంతా క్షణంలో తెలుగైపోతుంది. మంచిదే. కానీ మొన్న మాచర్ల దారిలో ఒకాయన డ్రమ్ములో చెయ్యి పెట్టి కలుపుతుంటే చూశాను. చొక్కా జేబులో పెద్ద ఫోను ఉంది.

మీ ఇళ్లలోనూ మీచేత ఇంగ్లీషు చదివించుకుని మురిసిపోయినవాళ్లు ఉండే ఉంటారు... వాళ్ల గురించి రాయండి, చదువుతాను. మా నాన్న నా ఇంగ్లీషు ఎంత చదివినా విసుక్కోకుండా విన్నాడు. ఆ తర్వాత నేను తెలుగులో చెప్పింది మాత్రం వినలేదు...