ఫోను చెయ్యొద్దన్న రోజు

మా ఊళ్ళో సెల్ ఫోను కంపెనీలను ఎవరూ వాటి పేర్లతో పిలిచేవారు కాదు. టవరు ఎక్కడ లేచిందో అదే దాని పేరు. సంత దగ్గరది సంత టవరు. కాలువ పక్కన లేచింది రేవు టవరు. రైసు మిల్లు వెనక కొబ్బరిచెట్లు కొట్టేసి నిలబెట్టింది మిల్లు టవరు. "తమరిది ఏ టవరండీ?" అని అడగడం "తమరిది ఏ ఊరండీ?" అని అడిగినంత మామూలు.

నేను బడిలో చదివింది ఐదో తరగతి. మిగతా చదువంతా రాజోలు లైబ్రరీలోనూ, రిపేరుకు వచ్చిన రేడియోల వెనక మూతలు విప్పినప్పుడూ అయింది. తొంభైల్లో మా చుట్టుపక్కల పెంకుటిళ్ళ మీద నిలబడ్డ టీవీ యాంటెన్నాలు చాలావరకు నేను కట్టినవే. వెదురు గెడ ఎంత ఎత్తుండాలో, ఏ వైపు తిప్పాలో, వానకు కొబ్బరి మట్టలు తడిస్తే బొమ్మ ఎందుకు మసకబారుతుందో నాకు ఏ ఇంజనీరూ చెప్పలేదు. కాబట్టి సెల్ ఫోనులోనే మెరుపు వేగంతో ఇంటర్‌నెట్టు వస్తుందని కంపెనీల వాళ్ళు సంతలో రంగుల గొడుగులు పాతి అరుస్తుంటే, నేను వెళ్ళి అడగవలసింది అడిగాను.

"ఎక్కడండీ మీ వేగం?"

"అన్నిచోట్లా అండి."

"మలికిపురం సెంటర్లోనా, మా దొడ్లోనా?"

"ఎక్కడైనా ఒకటేనండి బాబూ. చూడండి, గీతలు ఫుల్లుగా ఉన్నాయి" అని ఫోను నా మొహం మీద పెట్టాడు.

గీతలుంటే ఏమిటి? బస్సు కనబడినంత మాత్రాన సీటు దొరికినట్టా? ఈ మాటే అన్నాను. గొడుగు కింద ఉన్నవాళ్ళంతా నవ్వారు. నన్ను చూసి నవ్వారని తరువాత తెలిసింది.

అసలు నాకెందుకీ గొడవంటే, ఆ ఏడాది మా తమ్ముడి కూతురికి ఇంజనీరింగు పరీక్షలో మంచి ర్యాంకు వచ్చింది. తమ్ముడు గల్ఫులో డ్రైవరు. ఇంట్లో మా మరదలూ ఆ పిల్లా ఉండేవారు. కాకినాడ ప్రభుత్వ కాలేజీలో సీటు వస్తుందని ఆ ర్యాంకు చూసిన ప్రతివారూ అన్నారు. కాకపోతే సీటు కావాలంటే మనిషి వెళ్ళి వరుసలో నిలబడే పద్ధతి ఎత్తేశారు. ఏ కాలేజీ ముందు, ఏది వెనక అన్నది మనమే ఇంటర్‌నెట్టులో వరుసగా నొక్కి, చివరికి సేవ్ అని కొట్టాలి. గడువు లోపల ఆఖరిసారి ఏది సేవ్ చేస్తే అదే లెక్క.

మొదటి రోజున తల్లీకూతుళ్ళు రాజోలు నెట్ సెంటరుకు వెళ్ళారు. అక్కడ ఇసుక వేస్తే రాలనంత జనం. వెనక నిలబడ్డవాళ్ళంతా ఈ పిల్ల ర్యాంకు చదువుతున్నారు, సలహాలిస్తున్నారు. సెంటరు అతను "ముందు ఏదో ఒకటి కొట్టి చూసుకోండమ్మా, తరవాత మార్చుకోవచ్చు" అని మా వైపున్న ప్రైవేటు కాలేజీలు రెండు నొక్కించి, సేవ్ చేయించి, లేపేశాడు. అసలు వరుస ఇంటి దగ్గర తీరుబడిగా పెట్టుకోవచ్చని వాళ్ళు వచ్చేశారు. పక్కింటి మాస్టారికి మేడ మీద కంప్యూటరుంది. ఆయన రిటైరైన హెడ్మాస్టారు. చర్చిలో పాటలు టైపు చేసేందుకు కొన్నారు. ఫోనుకు తీగ తగిలించి దాంట్లోంచి ఇంటర్‌నెట్టు కంప్యూటరులోకి తేవచ్చు. ఇక తేలవలసింది, ఏ ఫోను, ఏ టవరు, ఎక్కడ.

తేల్చే పని నేను తీసుకున్నాను. తమ్ముడు గల్ఫు నుంచి పంపిన ఫోను, మాస్టారి ఫోను, రెండు సిమ్ములు పట్టే నా చైనా ఫోను, ఈ మూడూ సంచిలో వేసుకుని సైకిలెక్కాను. గులాబీ పువ్వు బొమ్మ ఒకటి ఎంచుకున్నాను. అన్నిచోట్లా అదే బొమ్మ తెరవడం, చుట్ట వెలిగించడం. బొమ్మ పైనుంచి కిందికి బద్దలు బద్దలుగా దిగేది. చుట్ట సగం కాలేలోపు పువ్వు పూర్తిగా వస్తే మంచి చోటు. చుట్ట అయిపోయినా తొడిమ రాకపోతే పనికిరాని చోటు. మలికిపురంలో కొబ్బరి కొట్లు తెరవకముందు పువ్వు చకచకా దిగింది, వ్యాపారులు ఫోనులందుకున్నాక రేకు కూడా కదల్లేదు. ద్రాక్షారామంలో గుడి దగ్గర జనమున్న రోజున గీతలు నిండా ఉన్నాయి, పువ్వు లేదు. నగరం అనే ఊళ్ళో చెల్లెలి వరస ఆవిడ ఇంటి అరుగు మీద సగం వచ్చి ఆగిపోయింది. "అన్నయ్యగారు పువ్వు కోసం ఊళ్ళన్నీ తిరుగుతున్నారు" అని అందరూ వేళాకోళం చేశారు. చెయ్యనివ్వండి.

ఆఖరికి తేలింది. మాస్టారి మేడ మీద, ఉత్తరం కిటికీలో, తమ్ముడి ఫోనులో, మిల్లు టవరు సిమ్ముతో పువ్వు చుట్ట అంటుకునేలోపే వచ్చేసింది. ఇంకొకటి కూడా తేలింది. బొమ్మ దిగుతుండగా ఆ నంబరుకు ఎవరైనా ఫోను చేస్తే అంతా అక్కడితో తెగిపోతుంది. ఎత్తినా తెగుతుంది, ఎత్తకపోయినా తెగుతుంది. మళ్ళీ మొదటినుంచి రావలసిందే. మిల్లు టవరు సిమ్ము మా మరదలిది. ఆ నంబరు బంధుకోటి మొత్తానికి నోటికి వచ్చు.

"కొత్త సిమ్ము తీసుకుందామమ్మా, ఎవరికీ తెలియని నంబరు" అన్నాను.

"కాగితాలిచ్చి వారమైందండి బావగారూ. రోజూ రేపంటన్నారు" అంది.

సిమ్ములమ్మే కొట్టుకు నేనే వెళ్ళాను. గొడుగు కింద అరిచిన మనిషే "వెరిఫికేషను అవ్వాలండి" అన్నాడు. అమ్మేటప్పుడు మెరుపంత వేగం, ఇచ్చేటప్పుడు వెరిఫికేషను. గడువు వచ్చేసింది, సిమ్ము రాలేదు.

ఇక మిగిలింది ఒకటే దారి. ఆఖరి రోజు మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఆ నంబరుకు ఎవరూ ఫోను చెయ్యకుండా చూడడం. దగ్గరవాళ్ళకు నేను స్వయంగా వెళ్ళి చెప్పాను, దూరం వాళ్ళకు నా ఫోను నుంచి చెప్పాను. "పిల్ల ఆప్షన్లు పెట్టుకుంటుంది, మీరు ఫోను చేస్తే లైను తెగుతుంది, దయచేసి చెయ్యకండి." ఒక్కరూ కాదనలేదు. "ఆయ్, అలాగేనండి", "ఎంతమాటండి, ఎందుకు చేస్తామండి" అన్నారు. మా సీమ మర్యాద అది. ఆ మర్యాద సంగతి నాకు పుట్టినప్పటినుంచీ తెలుసు, దాని మీద నా కోపం ఈనాటికీ తగ్గలేదు.

ఆ రోజు కరెంటు కూడా పోలేదు. అమ్మాయి కంప్యూటరు ముందు కూర్చుంది. ఫోను కిటికీలో పెట్టాను. పేజీ తెరుచుకుంది. కాకినాడ మొదట పెట్టింది. రెండోది పెడుతుండగా ఫోను మోగింది.

"ఏమ్మా, నేను, నగరం అత్తయ్యని. ఫోను చెయ్యొద్దని మీ పెదనాన్నగారు చెప్పేరు. నేను చెయ్యనమ్మా. ఆ మాట చెబుదామనే చేసేను."

తెర తెల్లబోయింది. మళ్ళీ పాస్‌వర్డు, మళ్ళీ మొదలు. కాకినాడ పెట్టేలోపు మలికిపురం నుంచి మేనమామ.

"ఎవరూ చెయ్యట్లేదు కదమ్మా? చేస్తే నాకు చెప్పు, నేను మాట్లాడతాను వాళ్ళతో."

మూడోసారి ఫోను నేనే అందుకున్నాను. ద్రాక్షారామం వెళ్ళిన తాతగారి వరస ఆయన. "ఉండండుండండి, పిల్ల చెవిలో పెట్టండి, గుడి గంట వినిపిస్తాను" అన్నాడు. గంట వినబడింది కూడా. "పెట్టెయ్యండి మహాప్రభో!" అని అరిచాను. పెట్టేశాడు. పేజీ తెరుచుకుంటుండగా మళ్ళీ ఆయనే. "మీకు కోపం వచ్చినట్టుందండి. ఏమీ అనుకోకండి, పొరపాటైపోయింది."

"ఎత్తకు" అన్నాను అమ్మాయితో ఆ తరువాత. ఎత్తకపోతే ఏమైందోనని వెంటనే మళ్ళీ చేసేవారు. మా మరదలు మెట్ల దగ్గర చేతులు నలుపుకుంటూ, "ఎత్తకపోతే ఏమనుకుంటారండీ బావగారూ? రేపు మొహం ఎలా చూపిస్తామండి?" అంటోంది. మాస్టారు కాఫీ పట్టుకొచ్చి, "ప్రార్థన చేస్తున్నాను తల్లీ" అని చప్పుడు చెయ్యకుండా కిందికి వెళ్ళిపోయారు. ఆ రోజు ఆ పిల్లకు సాయం చేసినవారు ఆయనొక్కరే. ఆయన దేవుడికి ఫోను అక్కర్లేదు.

గడువు దగ్గర పడింది. ఫోను కాసేపు మోగలేదు. అమ్మాయి గబగబా నొక్కింది. కాకినాడ, తరువాత విశాఖపట్నం, ఇంకేవో. వరుసంతా తెర మీద కనబడింది. కింద సేవ్ అన్న బొత్తాం నేను కూడా చూశాను. దాని మీదికి బాణం గుర్తు జరుపుతుండగా ఫోను మోగింది. పొడుగాటి నంబరు. గల్ఫు.

అమ్మాయి నా వైపు చూసింది. నేను వద్దని తల ఊపాను. అది వాళ్ళ నాన్న. చేసేది వారానికొకసారి, అదీ వాళ్ళ దొర దయ తలిస్తే. ఎత్తింది.

"అయ్యిందా అమ్మా? అన్నయ్య చెయ్యొద్దన్నాడు గాని, ఉండబట్టలేక చేసేను."

"ఆయ్, అయిపోతంది నాన్నా."

"కాకినాడే ముందు పెట్టేవు కదా?"

"పెట్టేను నాన్నా."

ఆమె ఫోను పెట్టి పాస్‌వర్డు కొట్టేసరికి గడువు ముగిసిందని తెర మీద ఎర్రక్షరాలు వచ్చాయి. రాజోలు సెంటరులో నొక్కించిన ఆ రెండు ప్రైవేటు కాలేజీలే మిగిలాయి. సీట్లు పంచే కార్యాలయం వాళ్ళకు అర్జీ పెట్టాను, నా చేత్తో రాసి. జవాబు రాలేదు. మిల్లు టవరు వాళ్ళ మీద ఫిర్యాదు చెయ్యబోతే, "మా సిగ్నలు బాగానే ఉందండి, ఫోనులన్నీ వచ్చేయి కదా" అన్నారు. అంతకంటే నిజం ఆ కంపెనీ ఎన్నడూ చెప్పలేదు.

సీట్లు ఇచ్చిన రోజున ఆ రెండింట్లో ఒకటి వచ్చింది. వరిచేల మధ్య రెండు గదులు, పైకప్పు పడని మూడో గది, దాన్నే ప్రయోగశాల అన్నారు. మా అమ్మాయికంటే ఎంతో వెనక ర్యాంకు వచ్చిన పిల్లలు కాకినాడకు పెట్టెలు సర్దుకున్నారు.

సీటు వచ్చిందని తెలిసి బంధువులు పూతరేకులు పట్టుకుని వచ్చారు. ఏ కాలేజీ అన్నది ఎవరూ అడగలేదు. ఇంజనీరింగంటే ఇంజనీరింగే. ద్రాక్షారామం ఆయన నా పక్కనే కూర్చుని, "నేను గంట వినిపించేననండి, ఊరికే పోతుందా?" అన్నాడు. నగరం ఆవిడ "నేను ముందే ఫోను చేసి ధైర్యం చెప్పేను" అంది. నాకు నాలుక చివరిదాకా వచ్చింది. వాళ్ళవాళ్ళ మొహాల మీదే చెబుదామని లేచాను.

అమ్మాయి వంటింట్లోంచి కాఫీ పళ్ళెంతో వచ్చి నా ముందు ఆగింది. "పెదనాన్నా, చెప్పకండి. బాధపడతారు" అంది, నాకొక్కడికే వినబడేలా. ఆ తరువాత ఆయన వైపు తిరిగి, "ఆయ్, తమ దీవెనేనండి తాతగారూ. కాఫీ తీసుకోండి" అంది.

ఆయన తీసుకున్నాడు. పంచదార సరిపోలేదంటే ఆ పిల్ల మళ్ళీ వంటింట్లోకి వెళ్ళింది.