గోల్డు మెంబరు రామకిషన్

మహారాష్ట్రలోని చంద్రపూర్ గోల్ బజార్‌లో బట్టల కొట్టు నడిపిన తెలుగు కుటుంబంలో పుట్టి, సిమెంటు ఫ్యాక్టరీలో కొనుగోళ్ల మేనేజరు దాకా ఎదిగిన రామకిషన్‌కి జీవితంలో దక్కిన గొప్ప గౌరవం ఒక ప్లాస్టిక్ ముక్క. పసుప్పచ్చగా మెరుస్తూ, మీద అతని పేరు అచ్చువేసి, ఒక ప్రైవేటు విమాన కంపెనీవాళ్లు పంపించారు. గోల్డు మెంబరు ట్యాగు అంటారు దాన్ని. తోలు పట్టీతో తన నల్ల పెట్టెకి కట్టుకున్నాడు. ఆ పెట్టెతో విమానం ఎక్కాడంటే సరే, ఎక్కనివ్వండి. గోండ్‌పిప్రిలో మేనమామ కొడుకు పెళ్లికి ఎర్ర బస్సులో పోతూ కూడా అదే పెట్టె ఒళ్లో పెట్టుకుని, ట్యాగు పైకి కనబడేలా తిప్పి కూర్చున్నాడు. కండక్టరు దాని వంక కూడా చూడకుండా టికెట్టు కొట్టి చేతిలో పెట్టాడు.

దేశంలో కొత్త కొత్త కంపెనీలు తలుపులు తెరుస్తున్న రోజులవి. ఒక్క సర్కారు విమానమే తిరిగిన చోట రంగురంగుల ప్రైవేటు విమానాలు తిరుగుతున్నాయి. ఫ్యాక్టరీ హెడ్డాఫీసు బొంబాయిలో ఉండేది కాబట్టి రామకిషన్ నెలకోసారి నాగ్‌పూర్ దాకా జీపులో, అక్కణ్నుంచి విమానంలో వెళ్లేవాడు. జీపు కంపెనీది, టికెట్టు కంపెనీది, పని కంపెనీది. ఆ ప్రయాణాల మీద వచ్చే పాయింట్లు మాత్రం రామకిషన్‌వి. అవి పోగైతే ఊరికే టికెట్లు ఇస్తారు. కిటికీ పక్కన కూర్చుని కంపెనీ ఖర్చుతో జీడిపప్పు నమలడాన్ని అతను తన రెక్కల కష్టం అని నిజంగానే నమ్మేవాడు.

ఆఫీసులో ఇంగ్లీషు, బజార్లో హిందీ మాట్లాడేవాడు. తెలుగు అతని లెక్కలో కొట్టు అరుగు మీద కూర్చునేవాళ్ల భాష. ఇంట్లో భార్య సరోజతో తప్ప నోట తెలుగు ముక్క రానిచ్చేవాడు కాదు.

సరోజది బల్లార్‌పూర్. తండ్రి కాగితం మిల్లులో పనిచేసేవాడు. నెలనెలా భర్త పెట్టె సర్దేది ఆమే, ఆటో దాకా మోసుకొచ్చేది ఆమే. తిరిగొచ్చాక ప్రతిసారీ అడిగేది.

"పైకెంచి చూస్తే భూమి ఎట్ల కనవడ్తదండీ?"

"ఎట్లేంది? భూమి తీర్గనే కనవడ్తది."

ఇంతకన్నా చెప్పడానికి అతనికి ఏమీ కనపడలేదు పాపం, విమానంలో పేపరు చదువుకునేవాడు మరి. సరోజకు మాత్రం పెళ్లయిన నాటినుంచీ ఒకటే ఆశ. ఒక్కసారి విమానం ఎక్కాలి. చీరలు అడగలేదు, నగలు అడగలేదు. అడిగినప్పుడల్లా అతను "పాయింట్లు నిండనీ" అనేవాడు. నిండాయి. మరుసటి ఏడు "ఇంకొన్ని కానీ" అన్నాడు. అతను విమాన కంపెనీకి ఫోన్ చేసి, పాయింట్ల ఖాతాకిచ్చిన నాలుగంకెల పిన్ రహస్యంగా గొణుగుతుంటే, అదేం నంబరని అడిగింది ఒకసారి. "ఆడోళ్ల నోట్లె నంబరు నిలుస్తదా? అడగకు," అన్నాడు. ఆమె మళ్లీ అడగలేదు.

చివరికి ఆ ఏడు దసరా సెలవులకి మనసు కరిగింది. పాయింట్ల మీద నాగ్‌పూర్ నుంచి బొంబాయికి ఇద్దరికీ టికెట్లు తీశాడు. సరోజ గల్లీ అంతా చెప్పుకుంది. ఎదురింటి నర్సక్క దగ్గరికెళ్లి కొత్త జాకెట్టు కుట్టించుకుంది. సముద్రం చూస్తానని కాదు ఆమె సంబరం, పైనుంచి చంద్రపూర్ కనపడుతుందేమోనని.

అప్పుడు తగిలాడు ప్రేమ్.

జట్‌పురా గేటు దగ్గర కొత్తగా ట్రావెల్స్ కొట్టు పెట్టిన కుర్రాడు. అంతకుముందు ఒక నాగ్‌పూర్ ఏజెంటు హిందీలో పాయింట్లు అమ్ముతారా అని అడిగితే రామకిషన్ అతన్ని దొంగ అని తిట్టి పంపాడు. ప్రేమ్ తెలివైనవాడు. కుర్చీ తుడిచి కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి, తెలుగులో మొదలుపెట్టాడు.

"మిగిలిన పాయింట్లు ఏం జేస్తవ్ బావా? తారీఖు దాటితే ఖతం. నాకియ్యి, పైసలు చేతిల పెడత."

"అమ్మొద్దని రూల్ ఉన్నది గదయ్యా."

"అమ్ముడేంది? నీ సుట్టాలకు టికెట్లు ఇస్తున్నవ్, గంతే. సుట్టాలను నేను సూసుకుంట. నీ నంబరు, పిన్ చెప్పు సాలు."

బావా అన్నాడు! మరాఠీ ఊళ్లో తెలుగులో బావా అనిపించుకుంటే మనవాళ్లలో చాలామందికి బుర్ర పనిచేయడం మానేస్తుంది. నలుగురిలో తెలుగు మాట్లాడటానికి సిగ్గుపడే రామకిషన్ అయితే వెన్నలా కరిగిపోయాడు. ఈ మనిషి ఎవరు, ఇంతకుముందు ఎక్కడ ఉన్నాడు అని ఒక్క ప్రశ్న వేయలేదు. మనోడే కదా అనుకున్నాడు. పెళ్లాం చెవిన కూడా వేయని నాలుగంకెలూ చాయ్ గ్లాసు కింద పెట్టకముందే చెప్పేశాడు. "సరోజవీ నావీ టికెట్లున్నయి, గవి ముట్టకు" అని జాగ్రత్త కూడా చెప్పాడు. గల్లాపెట్టె తాళంచెవి చేతికిచ్చి, పై అర తెరవొద్దని చెప్పిన మేధావి!

ప్రేమ్ ముందుగా చేసిన పని ఏమిటంటే, ఆ పిన్‌తో కంపెనీకి ఫోన్ చేసి రామకిషన్ ఫోన్ నంబరు తీసేసి తన మనిషి నంబరు పెట్టడం. ఇక కంపెనీ ఏం చెప్పదలుచుకున్నా అది ప్రేమ్‌కే చేరుతుంది. తర్వాత పాయింట్లన్నీ టికెట్లుగా మార్చి ముక్కూ మొహం తెలియనివాళ్లకు అమ్ముకున్నాడు. ఇవేవీ తెలియక రామకిషన్, చేతిలో పడిన పైసలతో కొత్త సఫారీ సూటు కుట్టించుకున్నాడు. అదే సూటులో, ట్యాగు కట్టిన పెట్టెతో, భార్యను వెంటబెట్టుకుని నాగ్‌పూర్ విమానాశ్రయానికి వచ్చాడు.

కౌంటరులో అమ్మాయి టికెట్టు నంబరు కొట్టి, మొహం చిట్లించి, లోపలినుంచి మేనేజరమ్మను పిలిచింది. ఆవిడ ఇద్దర్నీ పక్క గదిలోకి తీసుకెళ్లింది. గది గోడ సగం అద్దం. అద్దం అవతల తెల్లటి విమానం నిలబడి ఉంది. సరోజ కుర్చీలో కూర్చోలేదు, అద్దం దగ్గరే నిలబడిపోయింది.

"ఈ హర్జీత్ సింగ్ మీకేమవుతారు?" మేనేజరమ్మ ఇంగ్లీషులో అడిగింది.

రామకిషన్ పెట్టె మీది ట్యాగు ఆవిడకి కనబడేలా తిప్పాడు. "తమ్ముడు. వరసకి."

"ఫిలోమినా డిసూజా?"

"మేనత్త."

"పెద్ద కుటుంబమే," అందావిడ నవ్వకుండా. తర్వాత అసలు సంగతి చెప్పింది. అతని పాయింట్ల టికెట్లు బజార్లో అమ్ముడుపోతున్నాయని కొన్నవాళ్లలోనే ఒకడు ఫిర్యాదు చేశాడు. కంపెనీ అకౌంటు ఆపేసి, దాని మీద తీసిన టికెట్లన్నీ రద్దు చేసింది. వీళ్లిద్దరివీ అందులోనే పోయాయి. ముందే ఫోన్ చేసి హెచ్చరించామంది. ఏ నంబరుకి చేశారో చూస్తే, అది రామకిషన్ ఎన్నడూ చూడని నంబరు.

"పిన్ మీరే ఇచ్చి ఉంటే మీ మెంబర్‌షిప్ పోతుంది, మీ ఆఫీసుకి ఉత్తరం వెళ్తుంది. మీకు తెలియకుండా ఇంట్లో ఎవరైనా పొరపాటున చెప్పి ఉంటే సంగతి వేరు. వాళ్లు రాసి సంతకం పెడితే నేను బొంబాయితో మాట్లాడి ఇదే విమానంలో పంపిస్తాను."

ఈ మనిషి బుర్ర ఇలాంటప్పుడు మాత్రం చురుగ్గా పనిచేస్తుంది. రెప్పపాటు కూడా ఆగలేదు.

"నా భార్యే మేడమ్," అన్నాడు ఇంగ్లీషులో. "చదువులేనిది. ఎవరో ఫోన్ చేసి అడిగితే చెప్పేసింది."

సరోజ అద్దం దగ్గరినుంచి తల తిప్పి చూసింది. మేనేజరమ్మ కాగితం మీద నాలుగు వాక్యాలు మరాఠీలో రాసి, "ఇలా రండి తాయీ," అని అక్కను పిలిచినట్టు మర్యాదగా ముందు పెట్టింది.

రామకిషన్ తెలుగులో గొంతు తగ్గించాడు. "సంతకం పెట్టు. ఆడోళ్లను ఎవరేమనరు. నీ విమానం కోసమే గదా చేస్తున్న."

సరోజ కాగితం చేతిలోకి తీసుకుని మొదటినుంచి చివరిదాకా నిదానంగా చదివింది. బల్లార్‌పూర్ మరాఠీ బడిలో పదో తరగతి పాసైన మనిషి. కాపురానికొచ్చిన కొత్తలో ఆ సంగతి అతనికి గుర్తుండేది.

"ఇది పెడితే ఎక్కుతనా?" అని అడిగింది.

"ఎక్కుతవ్. గిప్పుడే."

ఆమె అద్దం వైపు చూసింది. విమానానికి మెట్లు తగిలించారు, జనం ఒక్కొక్కరే ఎక్కుతున్నారు. ఎవరో ముసలామె మెట్టు మెట్టుకీ ఆగి, వెనక్కి తిరిగి నవ్వుతోంది. చాలాసేపు చూసింది సరోజ. ఆ చూపు చూసి రామకిషన్ గుండె నిమ్మళించింది, సంతకం పడ్డట్టే అనుకున్నాడు. పెన్ను మూత కూడా తనే తీసిచ్చాడు.

సరోజ ఆ పెన్ను తీసుకుని, మూత పెట్టి, కాగితం మీద ఉంచి మేనేజరమ్మ వైపు జరిపింది.

"మీ సహీ కరణార్ నాహీ," అంది. నేను సంతకం పెట్టను అని. తర్వాత అదే మరాఠీలో, గొంతు పెంచకుండా చెప్పింది. "ఆ నంబరు ఏమిటో నాకు తెలియదు. ఒకసారి అడిగితే ఆడవాళ్ల నోట్లో నిలవదన్నారు. ఆయన నోట్లో ఎంత నిలిచిందో మీరే చూస్తున్నారు."

మేనేజరమ్మ కత్తెర తీసి, పెట్టెకున్న తోలు పట్టీ కత్తిరించి, ట్యాగు సొరుగులో వేసుకుంది. రామకిషన్ కొత్త సఫారీలో చెమటతో తడిసి నిలబడ్డాడు.

తిరుగు ప్రయాణం ఎర్ర బస్సులోనే. జట్‌పురా గేటు దగ్గర ప్రేమ్ కొట్టు షట్టరు దించి ఉంది, పైన బోర్డు కూడా లేదు. రామకిషన్ దారిపొడుగునా "గల్లీల ఏం జెప్పకు" అని బతిమాలాడు. సరోజ కిటికీ బయట వెనక్కి పోతున్న భూమిని చూస్తూ కూర్చుంది.

ఇంటి ముందు ఆటో ఆగేసరికి నర్సక్క, ఇంకో నలుగురు ఆడవాళ్లూ బిలబిలమంటూ వచ్చారు.

"అప్పుడే వస్తిరేంది? ఎట్లున్నదే విమానం?"

"మంచిగున్నది నర్సక్కా. దగ్గర్నుంచి చూసిన. ఎక్కుడు మాత్రం నేనే వద్దన్న."

"అయ్యో, ఎందుకొద్దన్నవ్?"

సరోజ గుమ్మం ఎక్కి తాళం తీసింది. "గా ముచ్చట ఆయన్నే అడుగు," అని లోపలికి వెళ్లిపోయింది.

ఆడవాళ్లంతా రామకిషన్ వైపు తిరిగారు. అడిగినా అడగకపోయినా విమానం కబుర్లు గంటలకొద్దీ చెప్పిన మనిషి ట్యాగు లేని పెట్టె చేత్తో పట్టుకుని గల్లీ మధ్యలో నిలబడ్డాడు. ఇవాళ ఎన్నడూ లేనిది అందరూ వినడానికి సిద్ధంగా ఉన్నారు.