బోర్డులు చదివే పక్కింటి అంకుల్

మా పక్కింటి అంకుల్ పోయారని మొన్న మంగళవారం ఆయన ఉంటున్న వృద్ధుల కేర్ హోమ్ నుంచి ఫోన్ వచ్చింది. అప్పుడు నేను వార్డులో బ్రేక్‌లో ఉన్నాను. "నిద్రలోనే, ప్రశాంతంగా పోయారు" అంది మేనేజర్. నేనూ నర్సునే. ఆ మాట అందరికీ ఒకేలా చెబుతారని నాకు తెలుసు. అందుకే నోరు ఊరుకోలేదు. "మీరు దగ్గరుండి చూశారా, ఎవరైనా చెప్పారా?" అని అడిగేశాను. నైట్ డ్యూటీ అమ్మాయి చెప్పిందట. మేనేజర్ నొచ్చుకున్నట్టే ఉంది గానీ, ఆ ప్రశ్న నాది కాదు, అంకుల్‌ది. బతికుంటే తన చావు కబురును కూడా ఆయన అలాగే నిలదీసేవారు.

ఆయన జర్మన్. ఇంగ్లండులో, ఈ నాటింగ్‌హామ్‌లో ఇప్పుడున్న ఇంట్లోకి మేము అద్దెకు దిగిన వారంలోనే, ఇళ్ళ మధ్య పొట్టి గోడ మీద నుంచి పరిచయమయ్యారు. చెత్త ఎత్తుకెళ్ళే బిన్ లారీ గురువారం వస్తుందని ఇల్లు ఇప్పించిన ఏజెంట్ చెప్పాడని అన్నాను. "చెప్పాడా, నువ్వు చూశావా?" అన్నారు. ఆ గురువారం లారీ రాలేదు, శుక్రవారం వచ్చింది. ఆయన గోడ అవతల నిలబడి నన్నే చూశారు. మేము మాట్లాడుకున్నదంతా ఇంగ్లీషులోనే. ఇక్కడ ఆయన మాటల్ని నా భాషలోకి తెచ్చుకుంటున్నాను.

ఒకసారి మీ ఊళ్ళో ఏం పండుతుందని అడిగారు. గుంటూరు దగ్గర కదా, మిర్చి, పత్తి అన్నాను. పత్తి అనగానే రెండు అరచేతులూ తిప్పి చూసుకున్నారు.

"నేనూ తీశాను పత్తి. అమెరికాలో."

నవ్వులాటకి అంటున్నారనుకున్నాను. "గోరు పక్కన చర్మం చీరుకుపోతుందే, కాయ అంచు తగిలి" అన్నారు. సెలవుల్లో మా మేనత్త చేలో పత్తి తీసినదాన్ని నేను. ఆ మంట పడనివాళ్ళకు ఆ మాట రాదు.

యుద్ధంలో, ఇంకా మీసాలు సరిగా రాని వయసులో, ఫ్రాన్స్‌లో పట్టుబడ్డారట. ఖైదీగా ఓడెక్కించి అమెరికా తీసుకుపోయారు. అక్కడ పగలు పత్తి, సాయంత్రం తెల్ల రొట్టె, గుడ్లు, ఆదివారం సినిమా. "ఊళ్ళో మా అమ్మ బంగాళదుంప తొక్కలు ఉడికించుకుంటుంటే నేను శత్రువు దగ్గర లావెక్కాను" అనేవారు. యుద్ధం ముగిశాక ఒక ఆఫీసర్ వచ్చి, మనిషికో నారింజపండు ఇచ్చి, "అబ్బాయిలూ, ఇక ఇంటికి" అన్నాడట నవ్వుతూ. పాటలు పాడుకుంటూ ఓడెక్కారు. దిగేసరికి రేవులో బోర్డు మీద లివర్‌పూల్ అని ఉంది. పని చేయించుకోవడానికి వాళ్ళను బ్రిటన్‌కు అప్పగించారు.

"కడుపు నిండినవాడు ప్రశ్నలు అడగడు. నేనూ అడగలేదు" అనేవారు. ఆ మాట అన్న ప్రతిసారీ మొహం గంటు పెట్టుకునేవారు.

తరవాత నాటింగ్‌హామ్ దగ్గర పొలాల్లో బీట్‌రూట్లు తవ్వారు. ఆ రైతు మొదటిరోజే, "ఎప్పుడు పంపిస్తారో నాకు తెలీదు, పని మాత్రం ఉంది" అన్నాడట మొహం చిట్లించుకుని. ఆ మనిషి ఈయనకు తెగ నచ్చేశాడు. ఖైదీలను వదిలేశాక కూడా అంకుల్ ఇక్కడే ఉండిపోయి, ఆ ఊరి అమ్మాయినే చేసుకుని, బస్ గరాజ్‌లో మెకానిక్‌గా రిటైరయ్యారు. పిల్లల్లేరు. మేము వచ్చేనాటికే ఆవిడ కూడా లేరు.

ఆ ఓడ దిగినప్పటి నుంచి ఏ బండిలోనూ నిద్రపోలేదట, ఎక్కడికి తీసుకెళ్తున్నారో చూసుకోవాలని. జీపీ సర్జరీ, అంటే మా డాక్టరు క్లినిక్, మా వీధి చివర్నే ఉంటుంది, అక్కడికి తీసుకెళ్ళినా ముందు సీట్లో కూర్చుని దారిలో బోర్డులన్నీ పైకి చదివేవారు. వెనక సీట్లోంచి మా అమ్మాయి, "మమ్, హీ నోస్ ద వే. వై ఈజ్ హీ రీడింగ్ ఎవ్రీథింగ్?" అని గొణిగేది. "చదువుకోనీ, నీ సొమ్మేం పోయింది" అనేదాన్ని.

జర్మనీలో ఆయనకొక తమ్ముడు ఉండేవాడు. యుద్ధం ముగిసేనాటికి చిన్నపిల్లవాడు, అమెరికన్ సైనికుల చేతి చాక్లెట్టు తిని పెరిగినవాడు. అమెరికా లేకపోతే మనం ఏమైపోయేవాళ్ళమని తమ్ముడు, నారింజపండు ఇచ్చినంత మాత్రాన నిజం చెప్పినట్టా అని అంకుల్. ప్రతి ఆదివారం ఫోన్‌లో ఇదే గొడవ. గోడ ఇవతలికి వినబడే జర్మన్‌లో నాకు అర్థమయ్యే ముక్క అమెరికా ఒక్కటే. జర్మనీ చాన్సలర్ ఫోన్‌ను అమెరికా వాళ్ళు వింటున్నారని పేపర్లో వచ్చిన రోజున అంకుల్ పేపరు పట్టుకుని గోడ దగ్గరికొచ్చారు. అంత హుషారుగా ఆయన్ను నేనెప్పుడూ చూడలేదు. "స్నేహితుడు తలుపు దగ్గర చెవి పెడతాడా?" అన్నారు. అందరూ చేసేదేగా అని తమ్ముడు తేలిగ్గా తీసేశాడట. అన్నదమ్ములిద్దరూ చాలా వారాలు మాట్లాడుకోలేదు.

టీవీలో ఎవరైనా "మన పాశ్చాత్య విలువలు" అంటే చాలు, సౌండ్ తగ్గించేసి "మన అంటే ఎవరు?" అనేవారు. మా ఊరి పాస్టరుగారు పాశ్చాత్య పోకడలంటే పొట్టి గౌన్లనేవారని చెబితే పగలబడి నవ్వారు. "మా మాస్టారు పడమటివాళ్ళంటే మనసులేని వ్యాపారులని చెప్పాడు. యుద్ధం ఓడిపోయాక అదే బడిలో మా తమ్ముడికి 'మనమే పడమర' అని చెప్పారు. బెంచీలు కూడా మార్చలేదు" అన్నారు.

తీరా అమెరికాకు, మిత్రదేశాలను బాహాటంగా తిట్టే కొత్త అధ్యక్షుడు వచ్చినప్పుడు తమ్ముడే ఫోన్ చేసి, "నువ్వన్నదే నిజం, వాళ్ళను నమ్మకూడదు" అన్నాడట. గెలిచినందుకు సంతోషిస్తారనుకున్నాను. రెండు రోజులు ముభావంగా ఉన్నారు. "ఈ అధ్యక్షుడు కనీసం నవ్వుతూ అబద్ధం చెప్పడం లేదు. పైగా ఆ నారింజలు నిజంగా తియ్యగా ఉండేవి" అన్నారు చివరికి. ఇంకొకరు తన అనుమానంలో వాటా అడిగితే ఆయనకు నచ్చదని అప్పుడు అర్థమైంది. ఆ మరుసటి ఏడు తమ్ముడు పోయాడు. ఆ తరవాత ఆదివారాలు పక్కింట్లో చప్పుడు లేదు.

కిందటి చలికాలం అంకుల్ వంటగదిలో పడిపోయారు. షిఫ్ట్ దిగి వచ్చి నేను చూసేదాకా నేల మీదే ఉన్నారు. ఒళ్ళంతా మంచుగడ్డ. హాస్పిటల్ నుంచి ఇంటికి తెచ్చాక సోషల్ వర్కర్ వచ్చింది, తమ్ముడి కొడుకు ఫోన్‌లోకి వచ్చాడు. ఇక కేర్ హోమే, మళ్ళీ ఇంటికి రావడం ఉండదు అని ఇద్దరూ తేల్చారు. ఆయనకు మాత్రం రెండు వారాల విశ్రాంతికి అని చెప్పాలట, ఆ తరవాత ఇంటికి అని చెప్పాలట. మీ మాటైతే నమ్ముతారు, మీరు చెప్పండి అన్నారు. సోషల్ వర్కర్ నవ్వుతూనే ఉంది.

ఇంట్లో మా ఆయన, "ఏందే నీ మొండితనం? నాలుగు మంచి మాటలు చెప్పి తీసకపో. నిజం చెబితే ఆ పెద్దాయన గడప దిగడు, మళ్ళీ పడితే ఎవురు చూస్తారు?" అన్నాడు. ఆ మాటలో తప్పు లేదు. నేను నిజం చెప్పి, ఆయన రానని, మళ్ళీ ఆ నేల మీద పడితే అది నా నెత్తికే చుట్టుకుంటుంది. కానీ ఆయనతో నవ్వుతూ "ఇంటికి" అని అబద్ధం చెప్పే రెండో మనిషిని కావడం నా వల్ల కాలేదు. సెలవురోజు చూసుకుని ఆ హోమ్‌కి వెళ్ళొచ్చి, ఆయన ఎదురుగా కూర్చున్నాను.

"అంకుల్, ఇది రెండు వారాలకు కాదు. మీరు మళ్ళీ ఈ ఇంటికి రారు."

ఆ హోమ్ ఏ రోడ్డులో ఉందని అడిగారు. చెప్పాను.

"చెప్పారా, చూశావా?"

"చూశాను. గార్డెన్ కనబడే గది అని మీ తమ్ముడి కొడుక్కి చెప్పారు. కనబడదు. కార్ పార్క్ కనబడుతుంది. టీ నీళ్ళలా ఉంది."

"కార్ పార్కా" అన్నారు. ఏడుస్తారేమో అనుకున్నాను, నవ్వారు. "ఆ ఆఫీసర్ లివర్‌పూల్ అని చెప్పినా నేను ఓడ ఎక్కేవాణ్ణే. ఖైదీని, ఎక్కక ఏం చేస్తాను? అబద్ధం అక్కర్లేకపోయింది." ఆ తరవాత పెట్టె సర్దమన్నారు.

ఆయన నిద్రలో పోయారన్నది ఎవరో చెప్పిన మాట. నమ్మాలో లేదో నాకు తెలీదు. నేను కళ్ళారా చూసింది ఒకటుంది. హోమ్‌కి తీసుకెళ్ళిన రోజు కారులో, పెట్టె కాళ్ళ మధ్య పెట్టుకుని, మొదటి బోర్డు చదివారు, రెండోది చదివారు. రింగ్ రోడ్డు ఎక్కాక గొంతు వినబడకపోతే తిరిగి చూశాను. గడ్డం గుండెకు ఆనించి నిద్రపోతున్నారు. హోమ్ గేటు వచ్చింది. నేను ఆపలేదు. ఆయన బదులు బోర్డులు మెల్లగా పైకి చదువుతూ, ఇంకో చుట్టు తిప్పాను.