బస్టాండులో ఆమె అన్న మాట

మా తమ్ముడి భార్య ఇల్లు వదిలి తనంతట తానే వెళ్ళిపోయిందని ఉదయగిరిలో ఇప్పటికీ కొందరు అనుకుంటారు. ఆ మాట పుట్టించింది నేను. కోర్టులో ప్రమాణం చేసి చెప్పాను కాబట్టి నమ్మారు. జరిగింది అది కాదు.

మాది ఒకే ఇల్లు, రెండు వాటాలు. తమ్ముడు ఆమెను కొట్టడం గోడ ఇవతలికి వినిపించేది. నా భార్య "పోయి అడ్డం పడకూడదా" అనేది. మొగుడూ పెళ్ళాల మధ్య మనమెందుకని నేను టీవీ శబ్దం పెంచేవాణ్ణి.

ఒకరోజు పొద్దున ఆమె వాచిన చేత్తో, మూడేళ్ళ కూతుర్ని చంకనేసుకుని మా వాకిట్లోకి వచ్చింది. "వాడు చల్లబడేదాకా మర్రిపాడులో మీ అమ్మ దగ్గర ఉండమ్మా. నాలుగు రోజులాగి నేనే వచ్చి పిల్చుకొస్తా" అన్నాను. బండి మీద బస్టాండుకు తీసుకెళ్ళిందీ నేనే. బస్సెక్కుతూ ఆమె "పోయొస్తా బావా" అంది.

నేను వెళ్ళలేదు. నెలలు గడిచాయి. ఆమె ఆత్మకూరులో గది తీసుకుని బట్టలు కుట్టడం మొదలుపెట్టింది. అక్కడి కోర్టులోనే గృహహింస చట్టం కింద కేసు వేసింది. తమ్ముడు తనమీద చెయ్యెత్తకూడదు, తను కాపురం చేసిన వాటాలో తనూ పాపా ఉండాలి. అడిగింది అంతే. ఇల్లు ఎవరి పేరున ఉన్నా భార్యను అందులోంచి వెళ్ళగొట్టకూడదని చట్టం చెబుతుందని నాకు అప్పుడే తెలిసింది.

తమ్ముడు నా దగ్గరికి వచ్చాడు. "అన్నా, అదే పోయిందని ఒక్క మాట చెప్పు. బస్సెక్కించింది నువ్వే. రేపు కేసులో నువ్వూ తగులుకుంటావు" అన్నాడు. నాకు భయం వేసింది.

నేను బోనెక్కాక వాడి లాయరు అడిగాడు. "పోయేటప్పుడు ఆమె ఏమనింది?"

"పోతా అనింది సార్."

మా వైపు ఎవరూ గడప దాటుతూ 'పోతా' అనరు. అంగడికి పోయినా 'పోయొస్తా' అనాల్సిందే. నోరు జారితే అవ్వలు వెనక్కి పిలిచి మళ్ళీ అనిపిస్తారు. ఆమె మాటలో సగం నేను కోసేశాను. ఆమెను కొట్టకూడదని కోర్టు ఉత్తర్వు ఇచ్చింది గాని, తనే వెళ్ళిందన్న నా సాక్ష్యం వల్ల ఇంటి సంగతి తేలకుండా నిలిచిపోయింది.

కోర్టు వరండాలో ఆమె నా ఎదురుగా వచ్చి నిలబడింది. "నేను పోతా అన్నానా బావా?"

"లాయరు అట్ల అడిగినాడమ్మా."

"నన్ను బస్సెక్కించింది లాయరు కాదు గదా."

ఆ తర్వాత నాకు మనసు కుదురుగా లేదు. ఆమె తరఫు లాయరమ్మను కలిసి నిజం చెబుతానన్నాను. "అప్పుడు అబద్ధమా, ఇప్పుడు అబద్ధమా అని పీక్కుతింటారు. మీ మీదే కేసు పెట్టొచ్చు. ఆలోచించుకోండి" అందావిడ. రెండు వాయిదాలు ఏదో వంక చెప్పి ఎగ్గొట్టాను. మూడో వాయిదాకు వెళ్ళి మళ్ళీ బోనెక్కి జరిగింది చెప్పాను.

"అయితే ప్రమాణం చేసి అబద్ధం చెప్పినారా?" అన్నాడు తమ్ముడి లాయరు.

"చెప్పినాను."

తమ్ముడు లేచి బయటికి వెళ్ళిపోయాడు. ఈరోజుకీ నాతో మాట్లాడడు.

ఆమెను ఆ వాటాలో ఉండనివ్వాలని, తమ్ముడు అటు రాకూడదని ఉత్తర్వు వచ్చింది. ఇలాంటి కేసులు చూసే రక్షణాధికారి, ఒక కానిస్టేబులు వెంట వచ్చి ఆమెను ఇంట్లో దిగబెట్టారు. "బాగుండావా అమ్మా" అని నేనంటే ఆమె నన్ను దాటుకుని లోపలికి పోయింది. నా భార్య ఇచ్చిన కాఫీ మాత్రం తీసుకుంది.

వెళ్ళే ముందు రక్షణాధికారి ఆమెకు ధైర్యం చెప్పింది. "భయపడద్దు. ఏమన్నా అయితే పక్క వాటాలో మీ వాళ్ళే ఉన్నారు కదా."

"అప్పుడు కూడా ఉండారు మేడం" అందామె.

ఆవిడ నావైపు ఒకసారి చూసి, బ్యాగులోంచి కాగితం తీసి పోలీసు స్టేషన్ నంబరు రాసిచ్చింది.